మాట నేర్పు ఆట

పులిజూదము మీలో పలువురు చూచియే యుందురు. 3 పులులు, 15 మేకలు. మేకకు వెనుక చోటు ఖాళీగా నున్నచో పులి దానిపై దుమికి మేకను తీయును. ఆ చోట మరియొక మేక యున్నచో దుమకజాలదు. మేకలు కలసి యుండవలెనని ఆటలో ఎవ్వరును చెప్పరు, నియమమే చెప్పును. పాఠమును ఆటగా మార్చదలచిన ఉపాధ్యాయుడు మొదట గమనింపవలసినది ఇదియే. ప్రశ్నలను అట్టలపై వ్రాసి పాచికలు వేయించినచో, అది పాచికలతో కూడిన పరీక్ష మాత్రమే యగును.

భద్రాచలమునకు ఎగువన దుమ్ముగూడెము, చర్ల మండలములలో కోయ ఇండ్ల పిల్లలును, తెలుగు ఇండ్ల పిల్లలును ఒకే బల్లపై కూర్చుండు బడులు గలవు. కోయ భాష గోండికి మిక్కిలి దగ్గరిది. తెలుగునకును చుట్టమే. తెలుగు, గోండి, కువి ఒకే శాఖకు చెందినవని భద్రిరాజు కృష్ణమూర్తిగారు 1961 లో ప్రచురించిన గ్రంథమున చూపిరి. ఈ చుట్టరికమే ఒక్కొక్కప్పుడు చిక్కు తెచ్చును. తెలుగులో 'ఏరు' అనగా పారుచున్న నది, కోయలో నీరు. "ఏరు ఏది?" అని అడిగినప్పుడు కోయ పిల్ల చెంబులోని నీటిని చూపినదనుకొనుడు. ఆమె చెప్పినది తప్పా? రెండు మూడు మారులు తప్పనిపించుకొన్న పిల్ల ఆపైన నోరు మెదపదు.

నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2004 లో కోయతో సహా ఎనిమిది గిరిజన భాషలలో చదువు చెప్పు పథకమును ఎంపిక చేసిన బడులలో ఒకటవ తరగతి నుండి ఆరంభించినది. పుస్తకములు తెలుగు లిపిలోనే వచ్చినవి. హైస్కూలు చేరిన పిల్లలకు అట్టి సాయము లేదు. వారికొక ఆట చెప్పెదను.

ఇరువది అట్టముక్కలపై బొమ్మలు వేయించుడు, అక్షరములు వలదు. కోయ ఇంటి బిడ్డ యొకరు, తెలుగు ఇంటి బిడ్డ యొకరు కలసి ఒక జట్టు. మాట పలుకువాడు కోయ విద్యార్థియే కావలెను. అతడు "ఏరు" అనగానే నది బొమ్మను, నీటి బొమ్మను రెంటిని తెచ్చిన జట్టునకు ఒక పాయింటు. ఒక్కటే తెచ్చినచో సున్న. 'లోన్' అనగా కోయలో ఇల్లు. తెలుగు బిడ్డకు వెంటనే మన 'లోన' గుర్తు వచ్చును. అది నిజమైన బంధమా, వినుటకు మాత్రమే పోలికయా అని వారినే వాదించుకొననిండు. ఉపాధ్యాయుడు కూడ ఆడవలెను. ఓడిపోవును, ఫరవాలేదు.

ఇదియు ప్రయోగమువంటిదే. వారము గడచిన పిమ్మట ఎన్ని మాటలు గుర్తున్నవో లెక్కించి, ఒక మారు ఒక్క నియమమునే మార్చి చూడుడు. రెండు నియమములను ఒకేసారి మార్చినచో దేనివలన ఫలితము మారినదో తెలియదు.

మాటలను పుస్తకమునుండి ఎత్తివ్రాయకుడు. స్టీఫెన్ టైలర్ 1969 లో ప్రకటించిన కోయ వ్యాకరణము గోదావరి ఒడ్డు గొమ్ము కోయల పలుకుబడిని గూర్చినది. గుట్టలమీది పలుకు కొంత వేరుగ నుండును. పిల్లలు ఇంటిలో అమ్మను, తాతను అడిగి తెచ్చిన మాటయే ఆ ఊరికి సరియైనది.

చరిత్రకు వచ్చునప్పుడు మరింత జాగ్రత్త వలయును. కోయల గట్టుల కథలు పడిగె అను త్రికోణపు గుడ్డపై బొమ్మలుగా నుండును. డోలీలు దానిని విప్పి కథ పాడుదురు. ఆ బొమ్మలు అందముగ నున్నవని అట్టలపై కెక్కింపరాదు, అవి కొలుపునకు సంబంధించినవి. ఏ కథ పిల్లలకు చెప్పవచ్చునో ఊరి పెద్దలను అడిగి, వారు సరే అన్నదానికే అట్ట వేయించుడు.