మన బీళ్లలోని గడ్డిజాతులు: వాని వృద్ధిక్షయములకు కారణములు

పసుపు పండించు రైతునకు గడ్డితో నేమి పని యని కొందరు మమ్ము అడుగుచుందురు. పసుపునకు ఎకరమునకు సుమారు 10 టన్నుల పశువుల ఎరువు కావలెనని ఆర్మూరు ప్రాంతపు రైతు లెల్లరు నెరుగుదురు. ఎరువునకు పశువులు కావలెను. పశువులకు మేత కావలెను. కావున ఊరి బీడులో గడ్డి పలుచబడినచో ఆ లోటు తుదకు పసుపు కొమ్ములోనే కనబడును.

ఆ గడ్డి ఒక్క జాతి కాదు. భాద్రపద మాసమున మంచి బీడులో వంగి చూచితిమేని గరిక, తుంగ, చీపురుగడ్డి, వెంపలి, పిల్లిపెసర మున్నగునవి కలసి పెరుగుచుండుట కనబడును. ఒక బీడులో పెక్కు జాతులును, దాని ప్రక్క బీడులో రెండు మూడు జాతులు మాత్రమే యును ఉండుటకు కారణమేమి?

మొదటిది నేల. ఆర్మూరు గుట్టల వాలున రాతిపై బెత్తెడు మట్టి మాత్రమే యుండును. దిగువకు వచ్చినకొలది ఎర్ర చెల్కయు, నల్లరేగడియు తగులును. బెత్తెడు మట్టిలో వేరు దిగజాలదు గనుక వానకాలముననే మొలచి, గింజ రాల్చి, ఎండిపోవు చిన్న జాతులే అచట బ్రదుకును. లోతైన నేలలో దుబ్బుకట్టి యేండ్ల తరబడి నిలుచు గడ్డి పెరుగును.

రెండవది నీరు. ఈ జిల్లాలో ఏటికి సుమారు 1000 మిల్లీమీటర్ల వాన కురిసినను, అందు అధికభాగము జూన్ మొదలు సెప్టెంబరు వరకే. తక్కిన మాసములలో ఎండ కోర్చునవే నిలుచును. కుంట అంచున తుంగయు, వాగు ఒడ్డున రెల్లును, మెరకను చీపురుగడ్డియు పెరుగును. కావున పల్లమును మెరకయు గల బీడు, చదును బీడుకంటె హెచ్చు జాతులను పోషించును.

ఈ రెండును దైవాధీనములు. తక్కిన మూడును మన చేతిలోనివి.

అందు మొదటిది మేపు. పశువులు మితముగా మేసినచో ఎత్తైన గడ్డి అణగి, చిన్న మొక్కలకు వెలుతురు దొరకును, జాతులు హెచ్చును. మితము మీరినచో రుచిగల గడ్డి గింజ పట్టకమునుపే తెగిపోవును. దాని చోటికి ములుకు గింజలతో గొర్రెల ఉన్నికి గ్రుచ్చుకొను గడ్డి వచ్చును, పిదప చీపురుగడ్డి, తుదకు పశువులు ముట్టని తంగేడును, వయ్యారిభామయు మిగులును. మన దక్కను బీళ్లు ఈ మెట్లమీదుగానే దిగజారునని 1973లో వెలువడిన భారతదేశపు గడ్డి భూముల పరిశీలన గ్రంథము తెలుపుచున్నది.

రెండవది నిప్పు. లేత చిగురు కొరకు ఏటేట బీడును కాల్చుట వలన, నేలమీది గింజయు, లేత మొలకయు మాడి, నిప్పున కోర్చు మోటు దుబ్బులే మిగులును. కప్పు లేని నేలను తొలకరి వాన కోసికొనిపోవును.

మూడవది ఎరువు. బీడుమీద యూరియా చల్లిన మేలుకదా యని తలంచువారు కలరు. ఇంగ్లండులోని రోథాంస్టెడ్ పరిశోధనాలయమువారు 1856 నుండి ఒక గడ్డి మైదానమున ఈ పరీక్ష సాగించుచున్నారు. ఎరువు వేయని మడులలో సుమారు 40 జాతులు కలసి పెరుగుచుండగా, సున్నము వేయక అమ్మోనియా ఎరువు విస్తారముగా వేసిన మడులలో రెండు మూడు జాతులే మిగిలినవి. బలిసిన గడ్డి నీడలో తక్కినవి నశించుటయు, నేల పులిసిపోవుటయు దీనికి కారణములు.

జాతులు తగ్గిన నష్టమేమి యని అడుగవచ్చును. మేమును కొన్ని యేండ్ల క్రిందట ఒక గ్రామమున బీడునంతయు దున్ని ఒకే గడ్డి విత్తుడని చెప్పితిమి. మొదటి రెండేండ్లును అది కన్నుల పండువుగా పెరిగెను. మూడవ యేట వానలు తప్పగా అంతయు ఎండెను. దున్నకుండ విడిచిన గట్లమీది పాత గడ్డియే పశువులకు దిక్కయ్యెను. ఆ తప్పు మాదే. అమెరికాలోని మిన్నెసోటాలో 1988 నాటి కరవున ఇట్లే జరిగెను: జాతులు తక్కువైన మడులలో గడ్డి ఎనిమిదవ వంతునకు పడిపోగా, ఎక్కువైనవానిలో సుమారు సగము నిలిచెను. ఒకటి ఎండిన మరియొకటి నిలుచును. అదియునుగాక వెంపలి, పిల్లిపెసర వంటి కాయజాతులు గాలిలోని నత్రజనిని నేలకు చేర్చును. పైకము వెచ్చించక వచ్చు ఎరువిది.

కావున సభ్యులు చేయవలసిన పనులు:

1. ఊరి బీడును నాలుగు భాగములు చేసి, ఏటికొక భాగమును తొలకరి మొదలు గింజ రాలువరకు మూసివేసి, పిదప కొడవలితో కోసికొనవలెను.

2. బీడును కాల్చరాదు.

3. వయ్యారిభామను పూతకు ముందే పెరికివేయవలెను. అది ఒంటికి తగిలిన దురదలు పుట్టును గనుక చేతులకు తొడుగు వేసికొనవలెను.

4. ఏటేట భాద్రపదమున ఒకేచోట గజము చదరపు నేలను గుర్తించి, అందలి జాతులను లెక్కించి సంఘము పుస్తకమున వ్రాయవలెను. బీడు బాగుపడుచున్నదో చెడుచున్నదో ఆ లెక్కయే చెప్పును.

ఒక్క మాట మరువరాదు. భాగము మూసినపుడు మొదట ఇబ్బంది పడునది సొంత పొలము లేక ఒక బర్రెతో కాలము గడుపు వారు. వారి సమ్మతి లేనిదే మూయరాదు. కోసిన గడ్డిలో మొదటి మోపు వారికే చెందవలెను. అట్లు చేసిన కంచెను ఎవ్వరును విరువరు.