ఇత్తడి బూర మీది బంగారు పొర

పెళ్లి ఊరేగింపులో బ్యాండు మేళంవారి ట్రంపెట్ దీపాల వెలుగులో తళతళలాడుతుంటే అదంతా ఇత్తడి మెరుపే అనుకుంటాం. నిజానికి ఆ తళుకులో చాలా భాగం ఇత్తడి మీద పూసిన ల్యాకర్‌ది. పేరు మన లక్క నుంచి పుట్టిందే కానీ ఇందులో లక్క ఉండదు. పాత వాద్యాల మీద ఎక్కువగా కనిపించేది నైట్రోసెల్యులోజ్, కొత్తవాటి మీద వేడిలో గట్టిపరిచిన ఎపాక్సీ. ఈ పొర తీసేస్తే నాదం విచ్చుకుంటుందని నమ్మి మంచి వాద్యాలు పాడుచేసుకునేవాళ్లు ఉన్నారు.

అపోహ: ల్యాకర్ నాదాన్ని అణచివేస్తుంది.

ఈ నమ్మకానికి పెద్దల అండ కూడా ఉంది. షికాగోలో ట్రంపెట్లు తయారుచేసిన రెనాల్డ్ షిల్కే అంతటివాడు ల్యాకర్ కన్నా వెండి పూతే మేలన్నాడు. అయితే బూరలో మోగేది ప్రధానంగా లోపలి గాలి. గొట్టం పొడవు, లోపలి వెడల్పు ఎక్కడ ఎలా మారుతుంది, నోటి దగ్గరి మౌత్‌పీస్ ఆకారం: స్వరాన్ని నిర్ణయించేవి ఇవి. లోహపు గోడ కూడా కంపిస్తుంది, దాని ప్రభావం చాలా స్వల్పం. 1980లలో బ్రిటన్‌లో రిచర్డ్ స్మిత్ అనే శాస్త్రవేత్త వేర్వేరు మందాల ట్రాంబోన్ బెల్‌లు (బూర చివర విచ్చుకునే భాగాలు) చేయించి, ఏది ఏదో తెలియనివ్వకుండా ఆరితేరిన వాద్యకారుల చేత ఊదించారు. వాళ్లు తేడా పట్టలేకపోయారు. లోహం మందమే మారినా చెవికి అందనప్పుడు, దానిమీది పలచని పూత సంగతి చెప్పేదేముంది?

మరి పూత తీయించాక బాగా పలుకుతోందని అనేవాళ్లంతా అబద్ధం చెబుతున్నారా? లేదు. పూత తీయడానికి వాద్యాన్ని విడదీస్తారు. లోపలి మడ్డి కడుగుతారు, సొట్టలు తీస్తారు, గాలి కారే చోట టంకం వేస్తారు, వాల్వులు సరిచేస్తారు. మార్పు తెచ్చింది ఆ మరమ్మతు. పేరు మాత్రం పూత తీయడానికి దక్కుతోంది.

అపోహ: పూత పోతే ఇత్తడి తినుకుపోతుంది.

17, 18 శతాబ్దాల్లో జర్మనీలోని న్యూరెంబర్గ్‌లో చేసిన ట్రంపెట్లకు ఇలాంటి పూత లేదు. అవి ఇప్పటికీ మ్యూజియాల్లో ఉన్నాయి. ఉత్త ఇత్తడి నల్లబడుతుంది, చెమట తగిలిన చోట చిలుము పడుతుంది, చేతికి వాసన అంటుతుంది. అంతవరకే. అసలు భయపడాల్సింది గులాబీ రంగు మచ్చలకు. ఇత్తడిలోని జింక్ కరిగిపోయి రాగి మిగిలితే అలా కనిపిస్తుంది. అది తరచుగా నోటి తడి చేరే గొట్టంలో, లోపలి నుంచి మొదలవుతుంది. బయటి ల్యాకర్ దాన్ని ఆపలేదు.

అపోహ: యంత్రంమీద రుద్ది మెరిపిస్తే విలువ పెరుగుతుంది.

ఇది అన్నిటికన్నా నష్టం చేసే మాట. పాలిష్ చక్రం పూతతో ఆగదు, లోహాన్నీ అరగదీస్తుంది. బెల్ గోడ మందం అర మిల్లీమీటరు మాత్రమే! చెక్కిన అక్షరాలు మాసిపోతాయి, అంచులు మొద్దుబారతాయి. 1954లో వచ్చిన సెల్మర్ మార్క్ 6 శాక్సోఫోన్‌కు అసలు పూత సగం ఊడిపోయినా, రుద్ది కొత్త పూత వేసినదానికన్నా ఎక్కువ ధర పలుకుతుంది.

అపోహ: బిందె తోమినట్టే ఇంట్లో చేసుకోవచ్చు.

బిందెకు చింతపండు మంచిదే. బూరకు టంకం అతుకులు, సందులు ఉంటాయి, పులుపు అక్కడ చిక్కుకుని పనిచేస్తూనే ఉంటుంది. అమ్మోనియా ఉన్న పాలిష్‌లతో ఇంకా జాగ్రత్త. బ్రిటిష్ కాలంలో మన దేశంలోనే, వానాకాలంలో గుర్రపుశాలల్లో దాచిన ఇత్తడి తూటా గొట్టాలు పగుళ్లిచ్చాయి. గుర్రాల మూత్రం నుంచి వచ్చిన అమ్మోనియా ఆవిరే కారణమని తర్వాత తేలింది. ఇక పూత కరిగించే ద్రవాల సంగతి. నైట్రోసెల్యులోజ్ అసిటోన్‌కు లొంగుతుంది, ఎపాక్సీ లొంగదు. దానికి వాడే మిథిలీన్ క్లోరైడ్ ఆవిరి పీలిస్తే ఒంట్లో కార్బన్ మోనాక్సైడ్‌గా మారుతుంది. మిథిలీన్ క్లోరైడ్ ఉన్న ఆ ద్రవాలను ఇళ్లలో వాడేవారికి అమ్మడాన్ని అమెరికా 2019లో నిషేధించింది.

చేతికి ఉత్త ఇత్తడి స్పర్శ నచ్చిందనో, సగం ఊడిన పూత చూడలేకనో తీయించుకోవాలనుకుంటే తప్పులేదు. తెలిసిన పనివాడి దగ్గరికే వెళ్లండి. చక్రం పెట్టొద్దని, పూత మాత్రమే తీయాలని వాద్యం చేతికిచ్చేముందే గట్టిగా చెప్పండి.