జూకు ఇచ్చింది నల్లమలకు చేరుతుంది: అపోహలు – వాస్తవాలు

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో పెట్టే చేతులకు కొదవలేదు. ఎండలు ముదిరితే బస్టాండ్ల దగ్గర చలివేంద్రాలు వెలుస్తాయి. నల్లమల అడవిలోని సలేశ్వరం జాతరకు లోయలు దిగే జనానికి దారిలో అన్నదానాలు జరుగుతాయి. గుడికీ బడికీ ఇంతగా ఇచ్చే మనం అడవి జంతువు దగ్గరికొచ్చేసరికి ఎందుకో వెనకాడతాం. జూకు విరాళం ఇవ్వవచ్చన్న సంగతే చాలామందికి తెలియదు. తెలిసినవాళ్లలోనూ ఎన్నో అనుమానాలు. కొందరైతే మంచి మనసుతోనే జంతువులకు చేటు చేసే దానాలు చేస్తున్నారు. అందుకే మన ఊళ్లలో తరచూ వినిపించే మాటల్లో నిజమెంతో ఒక్కొక్కటిగా చూద్దాం.

అపోహ 1: జూ అంటే పిల్లలకు కాలక్షేపం. దానికీ అడవికీ సంబంధం లేదు.

వాస్తవం: హైదరాబాద్ బహదూర్‌పురాలోని నెహ్రూ జూలాజికల్ పార్కుకూ మన నల్లమలకూ ఉన్న బంధానికి గట్టి సాక్ష్యం మూషిక జింక. కుందేలంత జీవి. బరువు సుమారు మూడు కిలోలు. కొమ్ములుండవు, ఒంటి మీద తెల్లటి చుక్కలూ చారలూ ఉంటాయి. పగలంతా పొదల్లో దాగి, రాత్రి బయటికొచ్చి రాలిన పండ్లు తింటుంది. తిన్న పండ్ల గింజలు అడవిలో మరోచోట మొలకెత్తడానికీ సాయపడుతుంది. వేట వల్ల, అడవి తరిగిపోవడం వల్ల చాలాచోట్ల ఇది కంటికి కనిపించకుండా పోయింది.

2010లో కేంద్ర జూ ప్రాధికార సంస్థ సాయంతో నెహ్రూ జూ, సీసీఎంబీ పరిశోధన సంస్థకు చెందిన లాకోన్స్ ప్రయోగశాల కలిసి ఈ జింకల పునరుత్పత్తి కార్యక్రమం మొదలుపెట్టాయి. చేతిలో ఉన్నవి ఆరే జింకలు. ఎప్పుడు ఎదకొస్తున్నాయో, ఎప్పుడు చూలు నిలుస్తోందో తెలుసుకోవడానికి శాస్త్రవేత్తలు వాటిని పట్టి సూది గుచ్చకుండా, పెంటికల్లో హార్మోన్లను పరీక్షించారు. కొన్నేళ్లలోనే సంఖ్య రెండు వందలు దాటింది. 2017లో తొలి జట్టును నాగర్‌కర్నూల్ జిల్లాలోని అమ్రాబాద్ పులుల అభయారణ్యానికి తెచ్చారు. జూలో పుట్టి పెరిగిన జంతువును ఒక్కసారిగా అడవిలో వదిలితే బతకడం కష్టం. అందుకే ముందు అడవిలోనే కంచె వేసిన ఆవరణలో ఉంచి, అక్కడి తిండికీ వాసనలకూ అలవాటు చేసి, ఆ తర్వాత బయటికి పంపారు. హైదరాబాద్ జూలో పుట్టిన ప్రాణి మన జిల్లా అడవిలో కాలుపెట్టిందంటే, జూ అడవికి ఏమిస్తుందో ఇంకా వేరే చెప్పాలా?

మొసళ్లదీ ఇలాంటి కథే. దేశంలో మొసళ్లు అంతరించే దశకు చేరినప్పుడు 1975లో కేంద్రం ఒక ప్రత్యేక ప్రాజెక్టు చేపట్టింది. అప్పుడు నెహ్రూ జూలో పెంచిన మగ్గర్ మొసళ్లను మంజీరా నదిలో వదిలారు.

అపోహ 2: జూ నడపడం సర్కారు పని. మనం ఇవ్వాల్సిన అవసరం లేదు.

వాస్తవం: నెహ్రూ జూ సర్కారుదే. 1963 అక్టోబర్ 6న ప్రజలకు తెరిచిన నాటి నుంచి ప్రభుత్వ అజమాయిషీలోనే నడుస్తోంది. అయితే రోజువారీ ఖర్చుకు గేటు దగ్గర వచ్చే టికెట్ డబ్బు మీదే ఎక్కువగా ఆధారపడుతుంది. ఆ ఆధారం ఎంత పలచనో కరోనా కాలం చూపించింది. 2020 మార్చిలో మూసిన గేట్లు అక్టోబర్ దాకా తెరుచుకోలేదు. 2021 మేలో మళ్లీ మూతపడ్డాయి. అదే నెలలో జూలోని ఎనిమిది సింహాలకు కరోనా సోకినట్టు లాకోన్స్ పరీక్షల్లో తేలింది. దేశంలో జంతువులకు ఆ వ్యాధి సోకినట్టు నిర్ధారణ అయింది అదే మొదటిసారి. వాటిని విడిగా ఉంచి చికిత్స చేస్తే కోలుకున్నాయి.

టికెట్లు అమ్ముడుపోకపోయినా పులికి మాంసం ఆగకూడదు, ఏనుగుకు గడ్డి ఆగకూడదు. జంతువుల తిండినీ వైద్యాన్నీ ఏడాది పొడవునా మోసే దాతలు ఉంటే అలాంటి కష్టకాలంలో జూ నిలదొక్కుకుంటుంది. మన పిల్లల స్కూలు బస్సు జూ గేటు ముందు ఆగినప్పుడు కొనే టికెట్టు కూడా ఆ జంతువుల పళ్లెంలోకే వెళుతుంది.

అపోహ 3: జంతువును దత్తత తీసుకుంటే అది మనదైపోతుంది. చూడటానికి, ముట్టుకోవడానికి హక్కు వస్తుంది.

వాస్తవం: జూ దత్తత అంటే ఆ జంతువు పోషణ ఖర్చు భరించడం, అంతే. జంతువు జూలోనే ఉంటుంది. జూల మధ్య జంతువుల మార్పిడి జరగాలన్నా కేంద్ర జూ ప్రాధికార సంస్థ ముందస్తు అనుమతి కావాలి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఈ నిబంధన ఉంది. డబ్బిచ్చి అడవి జంతువును ఇంటికి తెచ్చుకునే దారి ఏదీ లేదు. ఎవరైనా ఉందని చెబితే నమ్మొద్దు.

ఏడాదికే కాకుండా అంతకన్నా తక్కువ కాలానికీ దత్తత తీసుకోవచ్చు. దాత పేరు ఆవరణ దగ్గర బోర్డు మీద రాస్తారు. ఎన్‌క్లోజర్ లోపలికి వెళ్లడం, చేత్తో తినిపించడం మాత్రం కుదరవు. ఈ హద్దు దాతను చిన్నబుచ్చడానికి పెట్టింది కాదు. మన దగ్గు, మన జలుబు జంతువుకు సోకవచ్చని ఆ సింహాల ఉదంతం నేర్పింది. దూరంగా ఉండటం కూడా మనం వాటికిచ్చే కానుకే.

అపోహ 4: దత్తతలు బ్యాంకులకు, సినిమా కుటుంబాలకు సాధ్యం. పల్లెటూరి వాళ్లకు కాదు.

వాస్తవం: పత్రికల్లో కనిపించేవి పెద్ద పేర్లే. స్టేట్ బ్యాంక్ ఆఫ్ ఇండియా జూలోని పులులను ఏళ్ల తరబడి దత్తత తీసుకుంది. 2020లో ఉపాసన కొణిదెల రాణి అనే ఏనుగు పోషణ ఖర్చును ఏడాదికి భరించారు. 2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు తమ సగటు లాభంలో రెండు శాతం సామాజిక పనులకు కేటాయించాలి. వన్యప్రాణుల రక్షణ కూడా ఆ జాబితాలో ఉంది.

కానీ జూలో ఏనుగులు, పులులు మాత్రమే ఉండవు. చిలుకలు, నెమళ్లు, తాబేళ్లు, చిన్న పిల్లులు కూడా ఉంటాయి. వాటి తిండి ఖర్చు ఏనుగుతో పోలిస్తే చాలా తక్కువ. ఒక మహిళా సంఘమో, ఒక పదో తరగతి బ్యాచో, ఒక యువజన సంఘమో తలా కొంత వేసుకుంటే ఒక పక్షి కొన్నాళ్ల పోషణ తీరుతుంది. పుట్టినరోజుకు, పెళ్లిరోజుకు, పెద్దల జ్ఞాపకార్థం అన్నదానం చేసే అలవాటు మనకుంది. ఆ రోజున ఒక మూగజీవి కడుపు కూడా నింపవచ్చు. అంత దూరం పోలేమనుకుంటే మహబూబ్‌నగర్ పిల్లలమర్రి దగ్గర జింకల పార్కుంది. పిల్లలతో వెళ్లి, టికెట్ కొని, అక్కడి సిబ్బందితో మాట్లాడటంతోనైనా మొదలుపెట్టవచ్చు.

అపోహ 5: ఆ డబ్బంతా మేతకే పోతుంది. సంరక్షణకు ఒరిగేదేమీ లేదు.

వాస్తవం: దత్తత సొమ్ము ప్రధానంగా తిండికి, వైద్యానికే వెళుతుంది. ఇది నిజమే, దాచాల్సిన పనీ లేదు. అయితే సంరక్షణ మొదలయ్యేది అక్కడే. ఆరు మూషిక జింకలు రెండు వందలు కావాలంటే ప్రతి రోజూ ఎవరో వాటికి మేత పెట్టాలి, జబ్బు చేస్తే చూడాలి, కూనలను కాపాడాలి. ఈ పని ఒక్క ఏడాది ఆగినా శాస్త్రవేత్తల శ్రమంతా వృథా.

ప్రపంచంలో దీనికి పెద్ద ఉదాహరణ అరేబియా ఓరిక్స్ అనే తెల్లని ఎడారి జింక. 1962లో దాన్ని కాపాడే ప్రయత్నం మొదలైంది. ఎడారిలో పట్టుకున్నవి మూడు, లండన్ జూ ఇచ్చింది ఒకటి, కువైట్ నుంచి వచ్చింది ఒకటి, సౌదీ రాజు ఇచ్చినవి నాలుగు. ఈ తొమ్మిదింటితో అమెరికాలోని ఫీనిక్స్ జూలో మంద కట్టారు. ఆ జూ పౌరుల చొరవతో పుట్టింది. 1972 నాటికి ఎడారిలో ఒక్క ఓరిక్స్ కూడా మిగల్లేదు. అయినా 1982లో ఒమన్ ఎడారిలో అవి మళ్లీ అడుగుపెట్టాయి. తమ జంతువులను ఇచ్చినవాళ్లు, ఏళ్ల తరబడి మేత పెట్టినవాళ్లు లేకపోతే ఆ జాతి ఈ రోజు ఉండేది కాదు.

నేరుగా అడవికే ఇవ్వాలనుకునేవారికీ దారి ఉంది. 2006లో వన్యప్రాణి చట్టానికి చేసిన సవరణ ప్రకారం పులుల అభయారణ్యాల నిర్వహణకు సాయపడే ఫౌండేషన్లను రాష్ట్ర ప్రభుత్వాలు ఏర్పాటు చేయాలి. అవి విరాళాలు తీసుకోవచ్చు. వేసవిలో అమ్రాబాద్ అడవిలో జంతువుల కోసం సాసర్ పిట్లు (లోతు తక్కువ తొట్లు) కట్టి నీళ్లు నింపుతారు. చలివేంద్రం పెట్టే మనసుకు ఇంతకంటే దగ్గరి పని ఏముంటుంది?

అపోహ 6: శ్రీశైలం దారిలో కోతులకు అరటిపండ్లు పెట్టడం గొప్ప పుణ్యం.

వాస్తవం: ఇది అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే పొరపాటు, ఎక్కువ నష్టం చేసేదీ ఇదే. మన్ననూరు దాటాక కారు ఆపి పండ్లు, బిస్కెట్లు విసరడం చాలామందికి భక్తిలో భాగం. ఆ తిండికి మరిగిన కోతులు అడవిలో వెతుక్కోవడం మానేసి రోడ్డు మీద కాపు కాస్తాయి. బండ్ల కింద పడతాయి. చేతిలో సంచీ కనిపిస్తే మీద పడతాయి. మనిషి తిండి రుచి తెలిసిన గుంపులు ఊళ్లలోకి, పల్లి చేలలోకి, మక్క చేలలోకి దిగుతాయి. రోడ్డు మీద ఒకరి పుణ్యం, చేనులో రైతుకు నష్టంగా మారుతుంది. విసిరిన పండు వెంట వచ్చిన ప్లాస్టిక్ కవరు జింక కడుపులో చిక్కుకుంటే దాని ప్రాణమే పోవచ్చు.

జూలో జంతువులకు సందర్శకులు తిండి పెట్టడాన్ని వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని 38-జె సెక్షన్ నిషేధిస్తోంది. అడవిలోనూ అదే పద్ధతి పాటించాలి. అదే అరటిపండ్ల డబ్బు జూ ఖాతాకు చేరితే ఏ రోజు ఎంత పెట్టాలో తెలిసిన సిబ్బంది దాన్ని సరైన మేతగా మారుస్తారు.

అపోహ 7: ఇంట్లో అక్వేరియం చేపను జూరాల రిజర్వాయర్‌లో వదిలితే దానికి విముక్తి.

వాస్తవం: అక్వేరియం గాజుకు అతుక్కుని పాచి తినే సక్కర్ చేపను చూసే ఉంటారు. దాని పుట్టినిల్లు దక్షిణ అమెరికా. పెద్దదయ్యాక తొట్టిలో పట్టక, చంపడానికి చేతులు రాక చెరువులోనో నదిలోనో వదిలేస్తారు. అది ఇప్పుడు తెలుగు నేలల చెరువుల్లో, రిజర్వాయర్లలో పాతుకుపోయింది. గట్టి పలకల్లాంటి దాని చర్మం మత్స్యకారుల వలలను చింపేస్తుంది. మార్కెట్లో దానికి ధర లేదు. నాటు చేపల గూళ్లను, తిండిని అది ఆక్రమిస్తుంది. కృష్ణ, తుంగభద్ర పారే మన జిల్లాల్లో వేల కుటుంబాలు చేపల మీద బతుకుతున్నాయి. ఒక చేపకు ఇచ్చిన స్వేచ్ఛ వాళ్ల నోటి దగ్గర కూడును తీయకూడదు. పెంచలేని చేపను అమ్మిన దుకాణానికి తిరిగి ఇవ్వండి, లేదా పెంచగలిగినవాళ్లకు అప్పగించండి. నదికి మాత్రం ఇవ్వొద్దు.

అపోహ 8: చేతిలో డబ్బు లేనివాళ్లు ఇవ్వగలిగింది ఏమీ లేదు.

వాస్తవం: వన్యప్రాణుల కోసం మన ప్రాంతంలో అందరికంటే ఎక్కువ ఇస్తున్నవాళ్లు డబ్బున్నవాళ్లు కారు. అమ్రాబాద్‌లో పులి అడుగుజాడలు పట్టేవాళ్లలో, బేస్ క్యాంపుల్లో ఉండి గస్తీ తిరిగేవాళ్లలో చెంచు గిరిజనులు ముందుంటారు. తరతరాలుగా వాళ్లు కూడబెట్టుకున్న అడవి జ్ఞానం ఏ విరాళంతోనూ కొనలేనిది.

వనపర్తి జిల్లాలో వరి మడుల్లోకి, కాలువల్లోకి మొసళ్లు రావడం తరచూ జరిగేదే. భయంతో కర్రలు అందుకోకుండా ఊరివాళ్లు అటవీ శాఖకు ఫోన్ చేస్తున్నారు. సాగర్ స్నేక్ సొసైటీ లాంటి స్వచ్ఛంద బృందం వచ్చి, మొసలిని తాళ్లతో బంధించి, నదికి చేర్చుతోంది. ఒకప్పుడు దేశం డబ్బు పోసి, జూల్లో గుడ్లు పొదిగించి నిలబెట్టుకున్న జాతి ఇది. అలా ఫోన్ చేసిన రైతు ఇచ్చింది ఒక్క ప్రాణం కాదు, అన్నేళ్ల శ్రమకు రక్షణ కూడా. శ్రీశైలం అడవి రోడ్డు మీద బండి నెమ్మదిగా నడపడం, రాత్రి తొమ్మిది తర్వాత ఆ దారి మూసేస్తారని విసుక్కోకుండా ఆగడం కూడా ఇవ్వడమే. మూషిక జింక తిరిగేది ఆ వేళల్లోనే కదా.

ఇవ్వాలనుకునేవారు గుర్తుంచుకోవాల్సినవి

దత్తత సొమ్మును జూ కార్యాలయంలోగానీ, జూ అధికారిక వెబ్‌సైట్ ద్వారాగానీ మాత్రమే చెల్లించండి. వాట్సాప్‌లో వచ్చే క్యూఆర్ కోడ్‌లకు పంపొద్దు. రసీదు తప్పక తీసుకోండి. ఏ జంతువుకు, ఎంత కాలానికి అన్నది కాగితం మీద రాయించుకోండి. బృందంగా ఇస్తున్నప్పుడు లెక్క అందరికీ చూపండి. పిల్లలను వెంట తీసుకెళ్లి, వాళ్ల డబ్బు ఏ నోటికి అందుతోందో చూపించండి.

దానం చేసేటప్పుడు మనం ఒక్క ప్రశ్న వేసుకుంటే ఈ ఎనిమిది అపోహలూ వాటంతటవే తొలగిపోతాయి: ఇది నాకు తృప్తినిస్తుందా, ఆ ప్రాణికి బతుకునిస్తుందా? మొదటిది చూసుకుంటే చేతిలోని అరటిపండు రోడ్డు మీద పడుతుంది. రెండోది చూసుకుంటే అదే డబ్బు జూలో మేతవుతుంది, అక్కడ పెరిగిన జీవి నల్లమలకు చేరుతుంది. మన ఊళ్లలో ఇచ్చే గుణం ఎలాగూ ఉంది. దాన్ని ఈ దారికి మళ్లిస్తే చాలు.