ఆట నేర్చిన పిల్లకు కళాశాల ఏది?

జూన్ మాసము వచ్చినదనగా గోదావరి డెల్టాలో రెండు పంపకములు ఒకేసారి జరుగును. ఒకటి నీటి పంపకము, రెండవది పిల్లల పంపకము. ధవళేశ్వరము, విజ్జేశ్వరము, బొబ్బర్లంక తలతూములు ఎత్తగనే నీరు తూర్పు, పశ్చిమ, మధ్య డెల్టాలకు విడిపోవును. ఆ రోజులలోనే పదవ తరగతి దాటిన పిల్లలు ఏ కళాశాలకు పోవలెనో ఇంటింట తేలిపోవును. ఏ తూమున పడిన నీరు ఆ డెల్టాకే పారును గాని వెనుకకు మరలదు. పిల్లల చదువు విషయమునను తలతూము వద్ద చేసిన నిర్ణయమే చాలవరకు నిలిచిపోవును.

చదువు మాత్రమే చూచుకొనవలసిన పిల్లకు ఈ నిర్ణయము అంత కష్టము కాదు. మార్కులు చూతురు, రుసుము చూతురు, వసతిగృహము చూతురు. చదువుతోపాటు ఆట కూడ చేతనైన పిల్ల ఇంట నున్నప్పుడే చిక్కు. ఆ ఆట సాఫ్ట్‌బాల్ వంటిదైనచో చిక్కు రెట్టింపగును. క్రికెట్టు సంగతి చెప్పనక్కరయే లేదు. బాడ్మింటన్ అనిన, అమలాపురము నుండి బయలుదేరి 2014లో హైదరాబాదులోని గోపీచంద్ అకాడమీ చేరి, 2023లో ఆసియా క్రీడల స్వర్ణపతకము గెలిచిన రంకిరెడ్డి సాత్విక్‌సాయిరాజ్ పేరు కోనసీమలో ప్రతి ఇంటను వినబడును. సాఫ్ట్‌బాల్ అనగానే మాత్రము “అదేమాట?” అని బంధువులే అడుగుదురు.

అది కొత్త ఆట కాదు. 1887లో అమెరికా దేశమున షికాగో నగరములో నాలుగు గోడల నడుమ పుట్టి, తరువాత బయటి మైదానములకు వచ్చినది. బేస్‌బాల్‌కు చెల్లెలు వంటిది. బంతి చుట్టుకొలత 12 అంగుళములు. జట్టుకు తొమ్మిదిమంది, ఆటకు ఏడు ఇన్నింగ్సులు. బంతి విసరు పిల్ల చేతిని భుజము మీదుగా గాక, క్రిందుగా త్రిప్పి విసరవలెను. మహిళల ఆటలో ఆమెకును, కొట్టుచోటికిని నడుమ దూరము 43 అడుగులు. బేసుకును బేసుకును నడుమ 60 అడుగులు. మహిళల ప్రపంచ పోటీలు 1965లోనే మెల్‌బోర్న్ నగరమున జరిగినవి. 1996 నుండి 2008 వరకు ఒలింపిక్ క్రీడలలో ఉండి, తొలగింపబడి, 2021లో జరిగిన టోకియో క్రీడలలో తిరిగి కనిపించినది. 2028లో లాస్ ఏంజిలిస్ క్రీడలలోను దానికి చోటు దొరికినది. మన దేశమున పాఠశాల క్రీడలలోను, విశ్వవిద్యాలయముల నడుమ జరుగు పోటీలలోను ఈ ఆట ఉన్నది. ఖరీదైన ఆటస్థలమక్కరలేదు గనుక పల్లె పాఠశాలలో కూడ ఒక ఉత్సాహవంతుడైన డ్రిల్లు మాష్టారు ఉన్నచో జట్టు తయారగును. అనంతపురమున గ్రామీణాభివృద్ధి సంస్థ నడుపు క్రీడా కేంద్రములో పల్లె బాలికలు ఈ ఆట నేర్చి పైస్థాయి పోటీలకు పోవుచుండుటయే ఇందుకు నిదర్శనము.

రెండేండ్ల గండము

కళాశాల ఎన్నిక అనగానే తల్లిదండ్రులు డిగ్రీని గూర్చి ఆలోచింతురు. ఆట విషయమున గండము అంతకు రెండేండ్లు ముందే కలదు. అది ఇంటర్మీడియెట్. తెల్లవారక ముందు మొదలై రాత్రి వరకు సాగు చదువుగంటలు గల వసతి కళాశాలలలో ఆటస్థలమే ఉండదు. ఉన్నను అది బస్సులు నిలుపు చోటుగా మారిపోయి ఉండును. ఆ రెండేండ్లు మాన్పించి, డిగ్రీలో చేరిన తరువాత మరల ఆడింపవచ్చునని పెద్దల ఊహ. ఇట్టి సంభాషణ డెల్టాలోని ఏ ఉన్నత పాఠశాల ఆవరణలోనైనను వినవచ్చును.

“ఓ రెండేళ్లు ఆట మాన్పించమంటారా, మాష్టారండీ? పిల్లకి మంచి ర్యాంకొస్తే ఆ తరవాత ఆడుకుంటాదండి.”

“మాన్పించడం రెండేళ్లేనండి. మళ్లీ మొదలెట్టడమే ఉండదు.”

మాష్టారి మాటలో అతిశయోక్తి తక్కువ. పాఠశాల క్రీడలలో పందొమ్మిదేండ్ల లోపువారి విభాగము ఈ ఇంటర్మీడియెట్ వయస్సు వారిదే. రాష్ట్ర జట్టునకు ఎన్నికగుటకు అదియే ప్రధానమైన అదను. విసరు చేతికి అలవాటు తప్పినచో వేగము పోవును. వేగము తగ్గనిచ్చినను గురి పోవును. కనుక కళాశాలను ఎన్నుకొను పని డిగ్రీ దరఖాస్తుతో గాక, పదవ తరగతి ఫలితములతోనే ఆరంభము కావలెను. దినమునకు ఒకటిన్నర గంట ఆటకు విడువగల జూనియర్ కళాశాల, దానికి ర్యాంకుల ప్రకటనలు లేకపోయినను, అట్టి పిల్లకు మేలు.

కళాశాలతోపాటు జట్టును ఎన్నుకొనుట

డిగ్రీ వద్దకు వచ్చుసరికి మరియొక సంగతి తెలియవలసి ఉన్నది. ఏ కళాశాలలో చేరినదో, ఆ కళాశాల ఏ విశ్వవిద్యాలయమునకు అనుబంధమో, ఆ విశ్వవిద్యాలయపు జట్టుకే పిల్ల ఆడగలదు. పూర్వపు ఉభయ గోదావరి జిల్లాల డిగ్రీ కళాశాలలు ఒకప్పుడు ఆంధ్ర విశ్వకళాపరిషత్తు క్రింద నుండెడివి. 2006లో రాజమహేంద్రవరమున ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయము ఏర్పడిన తరువాత దాని క్రిందికి వచ్చినవి. ఇంజనీరింగు కళాశాలలు పెక్కు కాకినాడలోని జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయమునకు అనుబంధములు. ఒకే ఊరి ఇద్దరు స్నేహితురాండ్రలో ఒకరు బి.ఎస్‌సి.లోను, ఒకరు ఇంజనీరింగులోను చేరినచో, విశ్వవిద్యాలయముల నడుమ జరుగు పోటీలలో ఇద్దరును ఎదురెదురు జట్లలో నిలువవలసి వచ్చును.

మెట్లు ఇవి: కళాశాల జట్టు, అంతర్కళాశాల పోటీలు, విశ్వవిద్యాలయ జట్టు, అఖిల భారత పోటీలు. ఎక్కువ కళాశాలలు గల విశ్వవిద్యాలయములో పోటీ ఎక్కువ. ఒకే ఆవరణలో నున్న ప్రైవేటు విశ్వవిద్యాలయములో జట్టుకెక్కుట సుకరము కావచ్చును గాని, రుసుము హెచ్చు. పేరుగల జట్టులో మూడేండ్లు బల్లపై కూర్చుండుట కంటె, సామాన్యమైన జట్టులో మూడేండ్లు మైదానమున నిలుచుట ఆటగత్తెకు మేలు.

అడుగవలసిన ప్రశ్నలు

కళాశాల చూడబోయిన తండ్రి కార్యాలయమున కూర్చుండి రంగుల పుస్తకము తిరుగవేయుట చాలదు. సాయంకాలము నాలుగున్నరకు ఆటస్థలమునకు పోవలెను. అచ్చట పిల్లలు ఆడుచున్నారా, లేక గేదెలు మేయుచున్నవా అనునది మొదట కంటబడును. డెల్టా నేల ఒండ్రు నేల. శ్రావణ భాద్రపదములలో నీరు నిలిచినదనిన దినముల తరబడి ఆరదు. వానకాలమున ఆట ఎచ్చట సాగునని అడుగవలెను.

ఫిజికల్ డైరెక్టరు స్థానము భర్తీయై ఉన్నదా? ఆయనకు గాని ఆమెకు గాని ఈ ఆట తెలియునా? గత సంవత్సరము అంతర్కళాశాల పోటీలకు జట్టు పోయినదా? విసరు పిల్లలు ఇప్పుడెందరున్నారు, వారు ఏ సంవత్సరము చదువుచున్నారు? ఈ కడపటి ప్రశ్నను సామాన్యముగా ఎవ్వరును అడుగరు. మొదటి సంవత్సరము చదువుచున్న మంచి పిచ్చర్లు ఇద్దరున్న జట్టులో మూడవ పిచ్చరుకు మూడేండ్లును ఎదురుచూపులే. ఆ స్థానమున నున్న పిల్ల ఆ యేడు పట్టము పుచ్చుకొని వెళ్లిపోవుచున్నచో, అదే కళాశాల బంగారు అవకాశమగును.

హాజరు సంగతి మరి యొకటి. నూటికి 75 వంతుల హాజరు కావలెనను నియమమున్నచోట, పోటీలకు పోయిన దినములు హాజరుగా లెక్కింతురా? పరీక్ష తప్పిపోయినచో మరల వ్రాయనిత్తురా? ఆడపిల్ల విషయమున ఇంకను చిన్నవిగా కనిపించు పెద్ద ప్రశ్నలు కలవు. దుస్తులు మార్చుకొనుటకు గది ఉన్నదా? పోటీలకు పోవునప్పుడు వెంట ఎవరు పోవుదురు? సాయంకాలము ఆరు గంటలకు ఆట ముగిసిన తరువాత లంకగ్రామము చేరవలసిన పిల్లకు బస్సు దొరకునా, రేవు దాటుటకు పడవ ఉండునా? ఎందరో ఆటగత్తెల ఆట ఓటమి వలన గాక, చివరి బస్సు వలన నిలిచిపోవుచున్నది.

ఈ ప్రశ్నలకు సరియైన సమాధానము ప్రిన్సిపాలు గదిలో దొరకదు. జట్టులో మూడవ సంవత్సరము చదువుచున్న పిల్లను పిలిచి, ఆమె తల్లితో పిల్ల తల్లి మాటాడినచో పది నిమిషములలో అంతయు తేలును.

కాగితము విలువ

ఇంజనీరింగు ప్రవేశములలో క్రీడాకారుల కేటాయింపు నూటికి అర వంతు మాత్రమే. దానిపై ఆశ పెట్టుకొని చదువు వదలుకొనరాదు. కేంద్ర ప్రభుత్వోద్యోగములకు క్రీడల కోటాలో గుర్తింపబడిన ఆటలలో సాఫ్ట్‌బాల్ కలదు. అంతర్విశ్వవిద్యాలయ పోటీలలో విశ్వవిద్యాలయమునకు ప్రాతినిధ్యము వహించినవారు ఆ కోటాకు అర్హులు. ఐతే విశ్వవిద్యాలయ క్రీడాధికారి సంతకముతో నిర్ణీతమైన పత్రము చేత ఉండవలెను. ఊరూర జరుగు ఆహ్వాన పోటీల బహుమతులు గోడకు అందమిచ్చును గాని ఈ పత్రమునకు సాటి రావు.

ఆట ఎంత గొప్పదైనను నియమబద్ధముగా నమోదు కావలెననుటకు విశాఖపట్టణపు పరుగుల రాణి జ్యోతి యర్రాజి కథ సాక్ష్యము. హైదరాబాదులో శిక్షణ పొంది, గుంటూరు చెంత ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయ కేంద్రమునకు వచ్చి, ఆపై భువనేశ్వరము చేరిన ఆటగత్తె ఆమె. 2020 జనవరిలో మూడబిదిరెలో జరిగిన అంతర్విశ్వవిద్యాలయ పోటీలలో 100 మీటర్ల హర్డిల్సును 13.03 సెకనులలో ముగించినది. నాటి జాతీయ రికార్డు 13.38. ఐనను ఉత్ప్రేరకముల పరీక్ష మున్నగు నియమములు అచ్చట నెరవేరనందున ఆ పరుగు రికార్డుగా లెక్కకు రాలేదు. 2022 మే నెలలో సైప్రసు దేశమున 13.23 సెకనులలో పరుగెత్తిన తరువాతనే రికార్డు ఆమె పేర వ్రాయబడినది.

కాలు విరిగిననాటి పరీక్ష

సాఫ్ట్‌బాల్ పుట్టిన దేశములో ఈ ఎన్నిక మరియొక తీరున సాగును. 1972లో చదువునందు స్త్రీపురుష భేదము కూడదను చట్టము వచ్చిన పిమ్మట అచ్చటి కళాశాలలు బాలికల జట్లను పెంచవలసి వచ్చినది. శిక్షకులే పిల్లలను వెదకుకొనుచు వత్తురు. అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబముల పిల్లలును ఆ మైదానములలో ఆడుచున్నారు. అచ్చట కూడ అందరికిని పూర్తి ఉపకారవేతనము దొరకుననుట భ్రమ. మొదటి శ్రేణి జట్టునకు 12 వేతనములకు మించరాదను నియమము 2025 వరకు ఉండెను. వానినే ముక్కలుచేసి ఇరువదిమందికి పంచుచుండిరి. మూడవ శ్రేణి కళాశాలలలో ఆట పేరిట వేతనమే లేదు.

కావున అచ్చటి అనుభవజ్ఞులు పిల్లలకు ఒక పరీక్ష చెప్పుదురు: చేరిన మొదటి దినముననే కాలు విరిగి ఆట పోయినను, ఆ కళాశాలలోనే చదువ బుద్ధి పుట్టునా? పుట్టునన్నచో అది సరియైన కళాశాల. డెల్టా పిల్లకు కూడ ఇంతకంటె మంచి కొలబద్ద లేదు. ఈ పరీక్షకు రెండవ ముఖము కూడ కలదు. మార్కులు తగ్గిననాడు, ఆటయే ఆ పిల్లను ఉదయము లేపి కళాశాలకు నడిపించునా? రెండు ప్రశ్నలకును ఔనను సమాధానము వచ్చుచోట చేర్చుటయే కర్తవ్యము.

1874లో కందుకూరి వీరేశలింగము ధవళేశ్వరమున బాలికల పాఠశాల తెరచిననాడు, ఆడపిల్లకు చదువెందుకని ఈ డెల్టాయే అడిగినది. ఆ ప్రశ్న నేడు ఎవ్వరి నోటను లేదు. ఆడపిల్లకు ఆట ఎందుకను ప్రశ్న మాత్రము, పైకి అనకపోయినను, జూన్ మాసపు దరఖాస్తులలో ఇంకను మెదలుచున్నది. దానికి సమాధానము ఉపన్యాసములలో లేదు. దరఖాస్తు నింపక ముందు ఒక సాయంకాలము పిల్లను వెంటబెట్టుకొని ఆటస్థలము దాక నడచి, ఆమె అభిప్రాయము అడిగి వినుటలో ఉన్నది.