అది సక్రాత్ కాకపోవచ్చు!

మనిషి ఉన్నట్టుండి కుప్పకూలిపోతే మన ఇళ్ళలో ఏం జరుగుతుంది? ఒకరు తలను ఒళ్ళో పెట్టుకుంటారు. ఇంకొకరు నోట్లో నీళ్ళు పోస్తారు. పడిపోయిన మనిషి నోరు తెరిచి ఆగి ఆగి ఎగశ్వాస తీస్తుంటే పెద్దలు అది సక్రాత్ అనుకుని యాసీన్ సూరా చదవడం మొదలుపెడతారు. ఎవరో ఆటో కోసం వీధిలోకి పరుగెత్తుతారు. అన్నీ ప్రేమతో చేసేవే. కాని ఆ క్షణంలో ఆ మనిషికి కావలసిన పని మాత్రం ఎవరూ చేయరు.

దీర్ఘవ్యాధితో మంచానపడి చివరి ఘడియలకు చేరుకున్నవారి సంగతి వేరు. అప్పటిదాకా తిరుగుతూ మాట్లాడుతూ ఉన్న మనిషి హఠాత్తుగా పడిపోవడం వేరు. పిలిచినా పలకకుండా పడి ఉన్నప్పుడు ఆ ఎగశ్వాసను ఊపిరిగా లెక్కించకూడదు. గుండె ఆగిపోయిందనడానికి అది గుర్తు. రక్తం అందకపోతే నాలుగైదు నిమిషాల్లోనే మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. సాయం లేకుండా గడిచే ప్రతి నిమిషానికీ బతికే అవకాశం సుమారు 7 నుంచి 10 శాతం తగ్గిపోతుందని వైద్యుల అంచనా.

ఉమ్మడి రాష్ట్రంలో 108 అంబులెన్సు సేవ 2005 ఆగస్టు 15న ప్రారంభమైంది. అది ఎందరికో ప్రాణం పోసింది. అయినా ఇచ్ఛాపురం నుంచి జీడితోటల నడుమ తీరగ్రామానికి బండి చేరాలంటే సమయం పడుతుంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు చెట్లు, కరెంటు స్తంభాలు రోడ్లకు అడ్డంగా కూలిపోయాయి. అలాంటి రోజున ఇంట్లో ఉన్నవారే మొదటి వైద్యులు.

ఉద్దానానికి మరీ అవసరం

ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎన్ని కుటుంబాలను కుంగదీసిందో చెప్పనవసరం లేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. కాని రోగి ఎక్కువ కాలం గడిపేది ఇంట్లోనే. కిడ్నీలు పనిచేయనివారికి, ముఖ్యంగా డయాలసిస్ తప్పిపోయినప్పుడు, రక్తంలో పొటాషియం పెరిగి గుండె హఠాత్తుగా ఆగిపోయే ప్రమాదం ఉంది. నీరసంగా ఉన్నాడని బోండం కొట్టి ఇవ్వడం మన ప్రాంతంలో మర్యాద. కొబ్బరినీళ్ళలో పొటాషియం ఎక్కువ కనుక డాక్టరును అడగకుండా ఇలాంటి రోగికి ఇవ్వకూడదు.

డయాలసిస్ కోసం చేతిలో రక్తనాళాలను కలిపి చేసే అమరికను ఫిస్టులా అంటారు. అక్కడి నుంచి రక్తం చిమ్మితే గుడ్డ మీద గుడ్డ చుట్టి ఊరుకోవద్దు. రక్తం వచ్చే చోటనే శుభ్రమైన గుడ్డ పెట్టి వేళ్ళతో గట్టిగా అదమాలి. చేతిని పైకెత్తి ఉంచాలి. పట్టు వదలకుండా 108కి ఫోన్ చేయించాలి.

గుండె ఆగినప్పుడు ఏం చేయాలి?

ముందుగా భుజాలు తట్టి గట్టిగా పిలవండి. పలకకపోయినా, మామూలుగా ఊపిరి ఆడకపోయినా 108కి ఫోన్ చేసి స్పీకరు పెట్టండి. మనిషిని మంచం మీద కాకుండా గట్టి నేల మీద వెల్లకిలా పడుకోబెట్టండి. ఛాతీ ఎముక కింది సగంపై, మధ్యలో, ఒక అరచేతి మడమ ఆనించి దానిపై రెండో చేయి వేయండి. మోచేతులు వంచకుండా అయిదు సెంటీమీటర్ల లోతుకు తగ్గకుండా, ఆరు దాటకుండా నొక్కండి. ప్రతిసారీ ఛాతీ పూర్తిగా పైకి లేవనివ్వండి. తస్బీహ్ తిప్పినంత నిదానంగా కాదు, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలి. అలసిపోతారు గనుక రెండు నిమిషాలకొకసారి మనిషి మారాలి. నీళ్ళు, జంజం అయినా సరే, స్పృహలేని మనిషి నోట్లో పోయకూడదు.

శిక్షణ పొందినవారు 30 సార్లు నొక్కి రెండుసార్లు నోటితో ఊపిరి ఇస్తారు. బాహుదా నదిలోనో సముద్రంలోనో మునిగినవారికి, చిన్నపిల్లలకు ఈ ఊపిరి చాలా ముఖ్యం. మునిగినవారి కడుపు నొక్కి నీళ్ళు కక్కించే ప్రయత్నంలో విలువైన కాలం పోతుంది.

పరదా మాట

పడిపోయినది స్త్రీ అయితే? చుట్టూ పరాయి మగవారే ఉంటే? బహిరంగ స్థలాల్లో పడిపోయిన స్త్రీలకు ఈ సాయం పురుషులకన్నా తక్కువగా అందుతున్నదని విదేశాల్లో జరిగిన అధ్యయనాలు చూపాయి. కనుక ఈ సంకోచం మన ఒక్కరిదే కాదు. 2025 నవంబరు 1న కాశీబుగ్గ వేంకటేశ్వరస్వామి ఆలయం వద్ద జరిగిన తొక్కిసలాటలో తొమ్మిది మంది ప్రాణాలు కోల్పోయారు. వారిలో ఎక్కువమంది స్త్రీలే. అలాంటి గుంపులో పక్కనున్నది ఎవరైతే వారే చేయి వేయాలి.

అత్యవసరం నిషేధాన్ని సడలిస్తుందన్నది ఫిఖహ్‌లో ప్రసిద్ధ సూత్రం. ప్రాణం కంటే పెద్ద అత్యవసరం ఏముంటుంది? పైగా దుస్తులు తీయకుండానే, పైనుంచే నొక్కవచ్చు. తెలిసిన స్త్రీ దగ్గరుంటే మేలే. లేకపోతే ఆమె వచ్చేదాకా ఆగరాదు. ఖందఖ్ యుద్ధంలో గాయపడిన హజ్రత్ సఅద్ బిన్ మఆజ్ (రజి)కు మస్జిదె నబవిలోనే గుడారం వేసి సేవ చేసినది రుఫైదా (రజి) అనే మహిళ. మన ఆడపడుచులు ఈ విద్య నేర్చుకోవడం కొత్త సంగతేమీ కాదు. పగటిపూట ఇంట్లో ఉండేది ఎక్కువగా వారే గనుక వారికే ముందు నేర్పాలి.

జమాత్ పెద్దలకు ఒక మాట

ఈ విద్య చదివితే రాదు, చేస్తేనే వస్తుంది. జుమా తర్వాత ఒక గంట సమయం కేటాయించి, దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరునో రెడ్‌క్రాస్ వారినో పిలిపించండి. బొమ్మ మీద ప్రతి ఒక్కరిచేత నొక్కించండి. స్త్రీలకు వేరుగా, స్త్రీ శిక్షకురాలితో ఏర్పాటు చేయండి. కాలిన గాయంపై పేస్టు పూయకుండా ఇరవై నిమిషాలు చల్లని కుళాయి నీరు పారించడం, పాముకాటుకు కట్టు బిగించకుండా, కోయకుండా, కదలనీయకుండా ఆసుపత్రికి చేర్చడం కూడా అప్పుడే నేర్పించండి.

చేతులు వేసినంత మాత్రాన ప్రతి ప్రాణమూ నిలుస్తుందని ఎవరూ చెప్పలేరు. ఆయుష్షు అల్లాహ్ చేతిలో ఉంది. తద్బీర్ మాత్రం మన చేతిలో ఉంది. దుఆ చేసే నోరు దుఆ చేస్తూనే ఉండనివ్వండి, చేతులను మాత్రం ఖాళీగా ఉంచకండి.