పాత కట్టుబాట్లు - కొత్త సాధనము

ఒక పాఠశాల తన పాఠములను వెబ్‌సైటులో నుంచదలచిన దనుకొందము. పాఠకుడు అడిగినపు డెల్ల పుటను అప్పటికప్పుడు కూర్చుట ఒక పద్ధతి. పుట లన్నిటిని ముందే కూర్చి సిద్ధపరచుట మరియొక పద్ధతి. ఈ రెండవ పని చేయు సాధనములలో 2008లో వెలువడిన జెకిల్ ప్రసిద్ధమైనది.

జెకిల్‌కు కొన్ని కట్టుబాట్లు కలవు. వ్యాసపు ఫైలు పేరు తేదీతో మొదలు కావలెను. ఫైలు తలభాగమున, మూడేసి అడ్డుగీతల వరుసలు రెండింటి నడుమ, శీర్షిక మొదలగు వివరము లుండవలెను. పుట రూపమును నిర్ణయించు నమూనాలను లిక్విడ్ అను భాషలో వ్రాయవలెను.

2013లో వెలువడిన హ్యూగో కూడ ఇట్టి సాధనమే. వేగము దీని గుణము. జెకిల్ వ్యాసముల తలభాగమును ఇది చదువగలదు. వాటిని దిగుమతి చేసికొను ఆదేశము కూడ దీనికి కలదు. కాని లిక్విడ్ దీనికి తెలియదు. కనుక నమూనాలను తిరిగి వ్రాయవలసి యుండును.

అంతకంటె పెద్ద చిక్కు చిరునామాలది. జెకిల్ మామూలుగా వ్యాసపు తేదీని పుట చిరునామాలో చేర్చును. హ్యూగో, మనము కోరిననే తప్ప, చేర్చదు. అందుచే విద్యార్థులు నోటుపుస్తకములలో వ్రాసికొన్న పాత చిరునామాలు ఒక్కసారిగా పనికిరాకుండ పోవును. దీనికి విరుగుడు లేకపోలేదు. పాత చిరునామాను వ్యాసపు తలభాగమున ‘ఏలియసెస్’ అను పేరుతో వ్రాసినచో, హ్యూగో అచ్చట నొక చిన్న పుట నుంచి పాఠకుని కొత్త చోటికి పంపును.

కావున, రెండు సాధనములకు పొత్తు కుదురునా యని ఒక్కమాటలో అడుగరాదు. వ్యాసము, నమూనా, చిరునామా - ఈ మూడింటిని వేరువేరుగ పరీక్షింపవలెను. మొదటి రెండును మన శ్రమకు సంబంధించినవి. మూడవది పాఠకుని నమ్మకమునకు సంబంధించినది.