చలికాలపు దిగులు, చేతి వెచ్చదనం

నిర్మల్‌లో మా ఇంటికి, మసీదుకు మధ్య వంద అడుగుల దూరమైనా ఉండదు. ఉమ్మడి ఆదిలాబాదు ప్రాంతంలో డిసెంబరు చివర, జనవరి మొదట్లో తెల్లవారుజామున ఉష్ణోగ్రత పది డిగ్రీల కిందికి దిగటం వింతేమీ కాదు. అంతటి చలిలోనూ మా అబ్బాజాన్ ఫజ్ర్ అజాన్‌కు ముందే వుజూ ముగించుకొని మొదటి వరుసలో కూర్చునేవారు. నలభై ఏళ్లు కుట్టుమిషను మీద వంగి పనిచేసిన దర్జీ ఆయన. అమ్మీ అల్లాహ్ సన్నిధికి చేరుకున్న ఏడాది చలికాలంలో మాత్రం మొదటి వరుసలో ఆయన చోటు ఖాళీగా కనిపించసాగింది. మోకాళ్లు పట్టేశాయనేవారు. అన్నం ముందు కూర్చొని రెండు ముద్దలకే లేచేవారు. ఎవరైనా పలకరిస్తే “అల్‌హమ్‌దులిల్లాహ్” అనేవారు. ఆ తరువాత ఇక మాట ఉండేది కాదు.

వైద్యునికి చూపించాము. రక్తపరీక్షలు చేయించాము. విటమిన్ డి తక్కువగా ఉన్నదని మాత్రలు రాసి ఇచ్చారు. నేను హదీసు బోధించేవాడిని కనుక ఒక రాత్రి ఆయన పక్కన కూర్చొని సహనం గురించి సుదీర్ఘంగా వివరించాను. ఆయన చాలా ఓపికతో విన్నారు. నన్ను వేలు పట్టుకొని మదర్సాకు తీసుకువెళ్లి చేర్పించింది ఆయనేనన్న సంగతి ఆ క్షణాన నాకు గుర్తుకు రాలేదు. గదిలోంచి బయటికి వచ్చాక మా శ్రీమతి అన్నది: “మీరు చెప్పింది చాలు. పిల్లవాడు ఆయనకు మేజోళ్లు తొడిగి వచ్చి, దాదాజాన్ పాదాలు మంచుగడ్డల్లా ఉన్నాయంటున్నాడు. మీరు ఎప్పుడైనా ముట్టుకొని చూశారా?”

చూడలేదు. పెళ్లయి బిడ్డల తండ్రినయ్యాక, పండుగనాటి ఆలింగనం తప్ప మా నాన్నగారిని నేను తాకిన సందర్భమే లేదు. మన ఇళ్లలో మగవాళ్లకు ఇది చాలా మామూలు విషయం. ఇద్దరూ ఒకే కప్పు కింద ఉంటారు, ఒకే దస్తర్‌ఖాన్ మీద భోంచేస్తారు. ఒకరి చేయి మరొకరికి తగలదు.

ఆ రాత్రి నువ్వుల నూనె గిన్నెను వేడినీళ్లలో ఉంచి గోరువెచ్చన చేసి ఆయన పాదాల వద్ద కూర్చున్నాను. వద్దన్నారు, సిగ్గుపడ్డారు, చివరికి కాలు చాపారు. మూడు రోజులు మౌనంగానే గడిచాయి. నాలుగో రాత్రి మడమ పగుళ్ల దగ్గర నా బొటనవేలు ఆగినప్పుడు, “మీ అమ్మీ అక్కడ కొవ్వొత్తి మైనం కరిగించి ఆవనూనెలో కలిపి రాసేది” అన్నారు. జనాజా నాడు కూడా చెమ్మగిల్లని ఆయన కళ్లు ఆ మాటతో ధారలు కట్టాయి.

ఇందులో మహిమ ఏమీ లేదు. చలికి మనిషి భుజాలు తనకు తెలియకుండానే చెవుల దాకా ముడుచుకుంటాయి, మెడ, నడుము బిగుసుకుంటాయి. ఆ బిగువు నిద్రను చెడగొడుతుంది, నిద్ర చెడితే మనసు చెడుతుంది. మన చర్మంలో, ముఖ్యంగా వెంట్రుకలుండే భాగాలలో, మృదువైన స్పర్శను మాత్రమే గుర్తించే ప్రత్యేకమైన సన్నని నాడులు ఉన్నాయని శాస్త్రజ్ఞులు కనుగొన్నారు. సెకనుకు 1 నుండి 10 సెంటీమీటర్ల వేగంతో, అంటే తల్లి బిడ్డ వీపు నిమిరేంత నెమ్మదిగా, చేయి కదిలినప్పుడు అవి ఎక్కువగా స్పందిస్తాయి. ఆ చేయి శరీరమంత వెచ్చగా ఉండాలి. చల్లని చేతితో గబగబా రుద్దితే అవి అంతగా మేల్కొనవు. మర్దనంపై జరిగిన 37 అధ్యయనాలను 2004లో కొందరు పరిశోధకులు ఒకచోట చేర్చి పరిశీలించగా, ఆందోళన, కుంగుబాటు తగ్గడంలోనే దాని ప్రభావం అన్నిటికన్నా ఎక్కువగా కనిపించింది. అయితే మాలిష్ చేయించుకుంటే ఒత్తిడి హార్మోను భారీగా పడిపోతుందని ప్రచారం చేసేవారి మాటను అంతగా నమ్మనక్కరలేదు. తరువాతి పరిశీలనలలో ఆ తగ్గుదల చాలా స్వల్పమని తేలింది. మేలు ఉన్నది, దాని దారి మాత్రం ఇంకా పూర్తిగా తెలియలేదు.

చలికాలపు దిగులుకు సూర్యరశ్మి లోపించటమే కారణమని 1984లో అమెరికాలో నార్మన్ రోజెంతాల్ బృందం వివరించింది. డిసెంబరులో లండన్‌లో పగలు ఎనిమిది గంటలైనా ఉండదు. అక్కడ స్థిరపడిన మన తెలుగు కుటుంబాలకు ఆ చీకటి బాగా అనుభవమే. హైదరాబాదులో అదే రోజుల్లో పగలు పదకొండు గంటలకు పైగానే ఉంటుంది. కనుక మన దిగులునంతా సూర్యుని మీదికి నెట్టటం న్యాయం కాదు. మనవద్ద చలికాలంలో వృద్ధులను కుంగదీసేవి మూసిన తలుపులు, కీళ్ల నొప్పులు, ఆగిపోయిన నడక, పలకరించే మనుషులు తగ్గిపోవటం. అందుకే వీలైతే ఉదయం ఎనిమిది, తొమ్మిది గంటల ఎండలో, గాలి తగలని చోట కుర్చీ వేసి మాలిష్ చేయమని నేను చెబుతుంటాను. ఎండ, స్పర్శ, సంభాషణ మూడూ ఒకేసారి లభిస్తాయి.

మన యునానీ వైద్యంలో మర్దనాన్ని ‘దల్క్’ అంటారు. ఇబ్న్ సీనా (980–1037) తన ‘అల్ ఖానూన్’ గ్రంథంలో దీన్ని రకాలుగా విభజించారు. గట్టి మర్దనం శరీరాన్ని దృఢపరుస్తుందని, మెత్తని మర్దనం సడలిస్తుందని, దీర్ఘంగా చేసేది ఒంటిని తగ్గిస్తుందని, మితంగా చేసేది పోషిస్తుందని ఆయన నిర్ణయం. వ్యాయామానికి ముందు సిద్ధపరచే మర్దనం వేరు, తరువాత అలసట తీర్చే మర్దనం వేరు అని కూడా చెప్పారు. వెయ్యేళ్లనాటి ఈ విభజనలో నాకు నచ్చినది ఒకటే: మర్దనమంటే బలం చూపించటమని ఆయన ఎక్కడా అనుకోలేదు. మన వీధి క్షౌరశాలలలో మెడను ఫట్‌మని విరిచే పద్ధతి ఈ విద్యలోనిది కాదు. అది ప్రమాదకరం కూడా, మెడలోని రక్తనాళాలు దెబ్బతినవచ్చు.

సందర్భం వచ్చింది కనుక ఒక ముచ్చట. 1759లో పాట్నాలో ఒక ముస్లిం కుటుంబంలో జన్మించిన షేక్ దీన్ ముహమ్మద్ ఇంగ్లండుకు వలస వెళ్లి, బ్రైటన్ అనే సముద్రతీర పట్టణంలో ఆవిరి స్నానశాల తెరిచారు. చలికి, తేమకు కీళ్లు పట్టేసిన తెల్లదొరలకు మన చంపీని పరిచయం చేసి, చివరికి ఇద్దరు రాజులకు మర్దన నిపుణుడయ్యారు. 1822లో ఆ విద్యపై పుస్తకం కూడా ప్రచురించారు. మనం తల రుద్దుకునే ‘షాంపూ’ అన్న మాట ఆ ‘చాంపో’ నుండి పుట్టినదే. మన చేతి విద్యకు ఆంగ్ల పేరు తగిలి సీసాలో తిరిగి వచ్చింది!

ఇక పద్ధతి. మా ఇంట్లో వాడేది నువ్వుల నూనె. ఆలివ్ నూనె తినటాన్ని, ఒంటికి రాసుకోవటాన్ని దైవప్రవక్త (స) ప్రోత్సహించినట్లు హదీసులో ఉన్నది కనుక కొందరు దానినే ఎంచుకుంటారు, సంతోషం. కానీ ఖరీదైన నూనె లేదని ఎవరూ ఆగనవసరం లేదు. నూనె వేడిని ముందు మీ మణికట్టు మీద చూసుకోండి. చేతులు వెచ్చబరచుకోండి, ఉంగరం తీసివేయండి. పాదాలతో మొదలుపెట్టి పిక్కలు, తరువాత భుజాలు, చివర తల. ఎముక మీద ఒత్తకూడదు, కండ మీదనే. పది, పదిహేను నిమిషాలు చాలు. రోజూ చేయలేకపోతే వారానికి మూడుసార్లు చేయండి. ఫోన్ పక్క గదిలో ఉంచండి, ఒక చేత్తో కాళ్లు ఒత్తుతూ మరో చేత్తో వీడియోలు చూసేవారిని నేను ఎరుగుదును.

ఎవరికి చేయకూడదో తెలుసుకోవటం ఇంకా ముఖ్యం. ఒక్క కాలు వాచి, వేడిగా, నొప్పిగా ఉంటే లోపల రక్తం గడ్డకట్టి ఉండవచ్చు, దాన్ని రుద్దితే ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తులకు చేరే ప్రమాదం ఉన్నది. జ్వరంలోను, కొత్త దెబ్బల మీద, ఎముక విరిగిందన్న అనుమానం ఉన్నచోట మాలిష్ తగదు. ఛాతీ బరువెక్కి, ఎడమ భుజం లాగుతూ చెమటలు పడుతుంటే నూనె గిన్నె పక్కన పెట్టి వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి. మధుమేహంతో పాదాలలో స్పర్శ తగ్గినవారికి వేడి తెలియదు, బొబ్బలెక్కాక గాని బయటపడదు. రక్తం పలచబడే మందులు వాడేవారు, గర్భిణులు వైద్యుని అడిగాకే చేయించుకోవాలి. నూనె పాదాలతో స్నానాలగదిలో అడుగుపెట్టి జారి తుంటి ఎముక విరిగిన పెద్దవారు మా బస్తీలోనే ఇద్దరున్నారు. కనుక మాలిష్ ముగియగానే అరికాళ్లు తుడిచి మేజోళ్లు తొడగండి.

ఇల్లాలి గురించి ఒక మాట. బాలింతగా నలభై రోజులు ఆమెకు మాలిష్ చేయిస్తారు. ఆపై అత్తమామల కాళ్లు, పిల్లల తలలు, భర్త నడుము అన్నీ ఆమె చేతుల మీదనే సాగుతాయి. ఆమె భుజం పట్టేస్తే ఎవరు చూస్తారు? భార్య పాదాలకు నూనె రాయటం మగతనానికి తక్కువని భావించేవారు, హజ్రత్ ఆయిషా (రజి) దైవప్రవక్త (స) తల దువ్విన సంఘటనను ఎంతో ప్రేమగా ప్రసంగాలలో చెబుతారు. ఆయన (స) ఇంట్లో తమ కుటుంబానికి సేవలు చేసేవారని అదే ఆయిషా (రజి) తెలిపిన మాటను మాత్రం దాటవేస్తారు.

మరొక మాట రాయటానికి చాలా కాలం తటపటాయించాను. మా విద్యార్థి దశలో ఉస్తాదుల కాళ్లు ఒత్తటం గొప్ప ఖిద్మత్‌గా భావించేవాళ్లం. నేనూ ఒత్తాను, ఆ పుణ్యాన్ని కాదనను. కానీ ఉపాధ్యాయుడినయ్యాక ఆ తలుపు మూసివేశాను. పదేళ్ల పిల్లవాడు ఉస్తాదుకు ‘వద్దు’ అని చెప్పలేడు. చెప్పలేనివాడి వద్ద తీసుకునే సేవ సేవ కాదు. మూసిన గదిలో పెద్దలు, పిల్లలు ఒంటరిగా ఉండి ఇలాంటి సేవలు చేయించుకోవటం అసలే వద్దు. దీని మీద తోటి ఉపాధ్యాయులు కొందరు నాతో నొచ్చుకున్నారు. తల్లిదండ్రులు తమ పిల్లలను ఈ విషయం అడిగి తెలుసుకోవాలి. పిల్లవాడు చెప్పింది కొట్టిపారేయకూడదు.

మాలిష్ దిగులును తేలిక చేస్తుంది, జబ్బుగా మారిన కుంగుబాటును నయం చేయదు. రెండు వారాలకు మించి నిద్ర, ఆకలి, ఆసక్తి పోయినా, బ్రతుకు మీద విరక్తి మాటలు వినిపించినా మానసిక వైద్యుని కలవాలి. ‘టెలీ మానస్’ నంబరు 14416కు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. విశ్వాసం బలహీనమైనందువల్లే దిగులు కలుగుతుందని రోగిని నిందించటం అజ్ఞానం. హజ్రత్ ఖదీజా (రజి), అబూ తాలిబ్ కన్నుమూసిన ఏడాదిని చరిత్రకారులు ‘దుఃఖ సంవత్సరం’ అని పిలిచారు. ఆ దుఃఖం ఎవరిదో మనకు తెలుసు. నేను అబ్బాజాన్‌కు సహనం మీద పాఠం చెప్పిన రాత్రి ఈ సంగతి నాకు జ్ఞాపకం రాలేదు.

మూడో వారంలో ఒక రాత్రి పిక్కలకు నూనె పట్టిస్తుండగా అబ్బాజాన్ హఠాత్తుగా అడిగారు: “బేటా, ఈ జిడ్డు మీద నుంచి నీళ్లు జారిపోతాయి కదా, తెల్లవారి వుజూ అవుతుందా?”

“అవుతుంది అబ్బాజాన్. నూనె జిడ్డు నీటికి అడ్డం కాదు, చర్మం మీద నుంచి నీరు పారితే చాలు. మైనంలా పొరకట్టేదైతే మాత్రం ముందు గీకి తీసేయాలి.”

కాసేపు ఆలోచించి, “అయితే ఆ మైనం వద్దు, నూనె చాలు. అలారం నాలుగున్నరకు పెట్టు” అన్నారు. మూడు నెలలలో ఆయన నన్ను అడిగిన మొదటి మస్అలా అది.